గోడెక్కాక అందరూ తెల్లబడాలా?

మా వైపు ఏ ఇంటికి వెళ్ళినా హాల్లో దండ వేసిన ఫోటోలు ఒకటో రెండో ఉంటాయి. ఈసారి వాటిని కాస్త దగ్గరికి వెళ్ళి చూడండి. కంది చేలల్లో, మిరప తోటల్లో, పలకల గనుల దగ్గర ఎండకి ఎండి బతికిన మనుషులు గోడ ఎక్కేసరికి పాలతో కడిగినట్టు అయిపోయి ఉంటారు. ముక్కు పక్కన గీత ఉండదు, నుదుటి మీద ముడత ఉండదు. వెనకాల నీలం మబ్బులు, ఒక్కోసారి గులాబీలు. పెళ్ళిచూపుల్లో "కొంచెం చామనఛాయ అండీ" అని పెద్దవాళ్ళు నసుగుతూ చెప్పిన ఆడవాళ్ళకి, పోయాక ఆ కాస్త ఛాయ కూడా మిగల్చం.

నా మాట ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు తిట్టుకున్నా ఫర్వాలేదు. ఇంట్లో పాత నలుపు తెలుపు ఫోటో ఉండి, అందులో మనకి కావలసిన మనిషి ఉంటే, ఆ ప్రింటు మనమే ఇంట్లో తీసుకోవాలి. 2020లో ఆన్‌లైన్ క్లాసుల పుణ్యమా అని మా వీధిలో సగం ఇళ్ళల్లోకి ఇంక్‌ట్యాంక్ ప్రింటర్లు వచ్చాయి. పిల్లల ప్రాజెక్టు వర్కులు, ఆధార్ జిరాక్సులు, హాల్ టికెట్లు అయిపోయాక అవి గుడ్డ కప్పుకుని మూల కూర్చున్నాయి. దాంతో ఫోటో ఎందుకు తీయరూ అని అడిగితే అందరివీ ఇవే మాటలు. "తీశాం వదినా, పచ్చగా వచ్చింది." "అడ్డంగా గీతలు పడ్డాయి." "మొహమంతా మసి పూసినట్టు ఉంది." ఆ ఒక్క కాగితం చూసి విసుగుపుట్టి, పాత ఫోటోని ఫోన్లో ఇంకో ఫోటో తీసి షాపుకి వాట్సాప్ చేసేస్తారు. అక్కడ అందరికీ ఒకటే మందు, తెల్లబరచడం.

షాపు అబ్బాయిలని నేనేమీ అనను. వాళ్ళకి అడ్వాన్సు ఇచ్చేటప్పుడు మనం చెప్పే మాటే "కాస్త నీట్‌గా చేయండి తమ్ముడూ" అని. మన దగ్గర నీట్ అంటే తెలుపు. వందమందిలో తొంభైమంది అదే కోరుకుంటుంటే అతను మాత్రం ఏం చేస్తాడు?

మా ఇంటి సంగతి చెప్తాను. మా అత్తమ్మ పెళ్ళయి మార్కాపురం వచ్చింది మొదలు ఇరవై ఏళ్ళు పలకలకి చెక్క చట్రాలు బిగించే పని చేసింది. ఒకప్పుడు ఎక్కడెక్కడి బడులకో మా ఊరి పలకలే వెళ్ళేవి. ఒకసారి పలక అంచు తగిలి ఎడమ కనుబొమ్మ మధ్యలో గాటు పడింది. అక్కడ వెంట్రుక మళ్ళీ మొలవలేదు. కనుబొమ్మ రెండు ముక్కలుగా కనిపించేది. మా పిల్లలు చిన్నప్పుడు ఆమె ఒళ్ళో పడుకుని ఆ గాటు మీద వేలుతో రాస్తూ నిద్రపోయేవాళ్ళు. వాళ్ళకి ఆమె జేజి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో ఉన్న ఊళ్ళు కదా మావి, పిలుపులు ఇంకా అటువైపువే.

ఆమెకి సరైన ఫోటో లేదు. ఆధార్ కార్డు ఫోటో ఉంది గానీ, ఆధార్ ఫోటోలో ఎవరు మనిషిలా ఉంటారు చెప్పండి. మిగిలింది ఒకటే, మా చిన్నత్త పెళ్ళిలో తీసిన గ్రూపు ఫోటో. వెనక వరసలో అత్తమ్మ, ముప్ఫై ఏళ్ళది, చింతగింజంత మొహం. సంవత్సరీకానికి పెద్ద ఫోటో కావాలని మా ఆయన దాన్ని ఒక షాపులో ఇచ్చి చేయించుకొచ్చారు. గిద్దలూరు నుంచి వచ్చిన మా వదిన, అంటే మా ఆయన అక్క, చూసి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "బాగానే ఉంది గానీ, ఇది మా అమ్మ గాదు" అంది. కనుబొమ్మ నిండుగా, నల్లగా, విల్లులా ఉంది. మొహం గోధుమపిండి రంగు. పెదవులకి ఎరుపు. ఆమె జీవితంలో ఎప్పుడూ లిప్‌స్టిక్ మొహం చూసిన మనిషి కాదు.

అప్పుడే ఇంట్లో ప్రింటర్ మీద గుడ్డ తీశాను. మొదటి కాగితం అందరికీ వచ్చినట్టే ఆకుపచ్చగా వచ్చింది. అయితే ఆ పచ్చదనం ఎందుకు వస్తుందో ఒకసారి తెలిస్తే ఇక భయం ఉండదు. అందుకని కొంచెం వివరంగా రాస్తాను, వంట రాసినట్టే.

నలుపు తెలుపు ఫోటో అంటాం గానీ, అందులో అచ్చమైన నలుపూ అచ్చమైన తెలుపూ చాలా తక్కువ. ఉన్నదంతా మధ్యలోని బూడిద రంగులే. పాతకాలం ఫోటో కాగితంలో ఆ బూడిదని తయారు చేసేది వెండి. జెలటిన్ పొరలో ఉన్న సన్నని వెండి రేణువులు ఎక్కువున్న చోట నలుపు, తక్కువున్న చోట బూడిద. ఒకటే పదార్థం కాబట్టి రంగు ఎటూ జారదు. మన ఇంటి ప్రింటర్ సంగతి వేరు. దానిలో నాలుగు సిరాలుంటాయి: నలుపు, సయాన్ అనే నీలం, మెజెంటా అనే గులాబి ఎరుపు, పసుపు. మెరిసే ఫోటో కాగితం మీద అచ్చువేయమంటే చాలా ప్రింటర్లు నల్ల సిరాని పక్కన పెట్టి మిగతా మూడూ కలిపి బూడిద తయారుచేస్తాయి. ఎందుకంటే చాలావాటిలో నల్ల సిరా అక్షరాల కోసం చేసిన పిగ్మెంటు రకం, నునుపు కాగితం మీద అది ఇంకదు, వేలు పెడితే అంటుకుంటుంది. కంప్యూటర్లో "గ్రేస్కేల్" అని టిక్కు పెట్టాం కదా, నల్ల సిరా ఒక్కటే వాడుతుందిలే అనుకుంటాం. ఫోటో కాగితం ఎంచుకున్నప్పుడు చాలాసార్లు అలా జరగదు.

మూడు రంగులు కలిసి బూడిద అవ్వాలంటే మూడూ సరిపాళ్ళలో పడాలి. ఒకటి తగ్గితే మిగిలిన రెండూ బయటపడతాయి. మెజెంటా తగ్గితే ఆకుపచ్చ. సయాన్ తగ్గితే ఎరుపు. పసుపు తగ్గితే నీలం. ఇది గుర్తుపెట్టుకుంటే చాలు, కాగితం చూడగానే ఏ సిరా రావడం లేదో చెప్పేయవచ్చు. చారు పుల్లగా ఉంటే ఏం తగ్గిందో మనకి ఎవరైనా చెప్పాలా?

మా ప్రింటర్లో మెజెంటా గొట్టం పూడింది. ప్రింటర్ సెట్టింగుల్లో "నాజిల్ చెక్" అని ఉంటుంది. అది నొక్కితే ఒక కాగితం మీద నాలుగు రంగుల్లో సన్నని గీతల గళ్ళు వేసి ఇస్తుంది. ఎక్కడ గీత తెగితే అక్కడ రంధ్రం పూడినట్టు. పసుపు గళ్ళు తెల్ల కాగితం మీద సరిగా కనిపించవు, వాకిట్లోకి తీసుకెళ్ళి పగటి వెలుతురులో చూడండి. తెగి ఉంటే "హెడ్ క్లీనింగ్" ఒకసారి చేసి మళ్ళీ గళ్ళు వేయించాలి. రెండు మూడు సార్లకి రాకపోతే ఆపేసి రాత్రంతా వదిలేయండి. ఎండిన సిరా నానడానికి దానికీ టైము కావాలి, పప్పు నానబెట్టినట్టే. కొందరు పంతం పట్టి పదిసార్లు క్లీనింగ్ నొక్కుతారు. ప్రతిసారీ సీసాల్లో సిరా తగ్గుతూనే ఉంటుంది. ఆ సిరా ఎక్కడికో పోదు, ప్రింటర్ అడుగున ఒక దళసరి స్పాంజిలోకి వెళ్ళి చేరుతుంది. అది నిండితే ప్రింటరే పని మానేస్తుంది, మెకానిక్ దగ్గరికి మోసుకుపోవాలి.

అసలు ఎందుకు పూడుతుంది అంటే మన ఊళ్ళ ఎండలే సగం కారణం. మార్చి నుంచి జూన్ దాకా మార్కాపురం, గిద్దలూరు, కంభం వైపు వడగాలి ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. తడిబట్ట ఆరేసి లోపలికొచ్చేలోపు ఎండిపోతుంది, వెంట్రుక కంటే సన్నని రంధ్రంలో సిరా ఎంత? రెండో కారణం స్విచ్చి. ప్రింటర్‌కి ఉన్న బటన్ నొక్కి ఆపితే ఆ తల వెళ్ళి తన మూత మీద కూర్చుంటుంది, రంధ్రాలు మూసుకుంటాయి. గోడ స్విచ్చి కట్టేసినా, మధ్యలో కరెంటు పోయినా తల ఎక్కడుందో అక్కడే నోరు తెరుచుకుని ఉండిపోతుంది. కరెంటు వచ్చాక ఒకసారి వేసి, బటన్‌తో సరిగ్గా ఆపండి. వారానికి ఒక రంగుల పేజీ, ముగ్గు బొమ్మైనా సరే, తీస్తుండండి. ఫ్యాను కింద, కిటికీ పక్కన పెట్టకండి. ఇంకోమాట, తుడవాల్సి వస్తే బోరు నీళ్ళు వాడొద్దు. మన నీళ్ళు కాచిన గిన్నెకి తెల్లగా పొర కట్టడం రోజూ చూస్తున్నదే. బ్యాటరీ షాపుల్లో దొరికే డిస్టిల్డ్ వాటర్ మేలు.

అడ్డగీతల సంగతి తొందరగా చెప్పేస్తాను, పెద్ద కష్టం లేదు. నాజిళ్ళు శుభ్రంగా ఉండి కూడా గీతలు పడుతుంటే "హెడ్ అలైన్‌మెంట్" చేయాలి, క్వాలిటీ "హై" పెట్టాలి, హై స్పీడ్ అన్నది తీసేయాలి. లోపల పెట్టిన కాగితం ఏదో సెట్టింగులో కూడా అదే చెప్పాలి. ఫోటో కాగితం పెట్టి ప్లెయిన్ పేపర్ అని చెప్తే ఆ అబద్ధానికి ఫలితం కాగితం మీదే కనిపిస్తుంది. కాగితం తిరగేసి పెడితే సిరా తామరాకు మీద నీళ్ళలా నిలబడుతుంది.

పచ్చదనం పోయాక మా రెండో కాగితం బూడిదగానే వచ్చింది. అయితే అత్తమ్మ మొహం మసిలో మునిగింది. జుట్టు, కనుబొమ్మ, చెంప నీడ అన్నీ ఒకటే ముద్ద. గాటు ఎక్కడుందో వెతుక్కోవాలి. సరిగ్గా ఇక్కడే చాలామంది "మనిషే నలుపు కదా, అలాగే వస్తుంది" అంటారు. నాకు కోపం వచ్చేది కూడా ఇక్కడే. అసలు ఫోటోలో ఆమె అలా లేదు. చెంప ఎత్తున వెలుగు, కంటి కింద సన్నని నీడ, దవడ దగ్గర ఇంకో నీడ, అన్నీ విడివిడిగా ఉన్నాయి. నలుపులో నాలుగైదు మెట్లున్నాయి. ప్రింటర్ ఆ మెట్లన్నీ కలిపేసింది. తప్పు అచ్చుది, మొహానిది కాదు. దానికి మందు మొహాన్ని తెల్లబరచడం కాదు, మెట్లని విడదీయడం.

ఫోన్ తెర లోపలి నుంచి వెలుగుతుంది. కాగితానికి సొంత వెలుగు లేదు, పడిన వెలుగునే తిరిగి ఇస్తుంది. తెర మీద చక్కగా కనిపించింది కాగితం మీద నల్లబడటానికి మొదటి కారణం అది. తెర వెలుగు సగానికి తగ్గించి, అప్పుడు ఫోటో ఎలా కనిపిస్తుందో చూసి దిద్దుకోండి. దిద్దేటప్పుడు "బ్రైట్‌నెస్" ముట్టుకోకండి, అది మొత్తం ఫోటోని సున్నం కొట్టినట్టు చేస్తుంది. "షాడోస్" అన్నది కొంచెం కొంచెం పెంచండి. నీడలు మాత్రమే తేలుతాయి, తెల్లచీర తెల్లచీరగానే ఉంటుంది.

ఎంత పెంచాలన్నది తెరని చూసి తేలదు. మొహం ఉన్న ముక్క ఒక్కటే తీసుకుని, మూడు రకాలుగా దిద్ది, మూడూ పక్కపక్కన ఒకే కాగితం మీద తీయండి. చీకటి గదిలో ప్రింట్లు కడిగే రోజుల్లో స్టూడియో వాళ్ళు కూడా పెద్ద కాగితం వాడేముందు చిన్న ముక్క మీద ఇలాగే చూసుకునేవారు. మూడింట్లో ఏది బాగుందో అప్పుడే తేల్చకండి. సిరా ఆరేలోపు రంగు కొంచెం మారుతుంది, మర్నాడు చూడండి. చూసేది కూడా ఫోటో పెట్టబోయే గోడ దగ్గరే చూడండి. మూడు రంగుల బూడిద ట్యూబ్‌లైటు కింద ఒకలా, పగటి వెలుతురులో ఇంకోలా కనిపిస్తుంది. వంటింట్లో బాగుందనుకున్నది వసారాలో గులాబీగా కనిపిస్తే ప్రింటర్ని తిట్టకండి.

కాగితం గురించి చెప్పడానికి మా ఊరి పలకకి మించిన పాఠం లేదు. పొడి పలక చూడండి, నల్లగా ఉండదు, బూడిదగా ఉంటుంది. తడిగుడ్డతో తుడవగానే నిగనిగలాడే నలుపు వస్తుంది. రాయి మారలేదు. పొడిగా ఉన్నప్పుడు గరుకు మీద పడిన వెలుతురు నాలుగువైపులా చెదిరి మన కంటికి తెల్లపొరలా వస్తుంది. నీటిపొర దాన్ని నునుపు చేస్తుంది. సాదా కాగితం, మ్యాట్ కాగితం పొడి పలకలాంటివి. గ్లాసీ కాగితం తడి పలక. అందుకే ఒకటే ఫోటో గ్లాసీ మీద లోతుగా, మ్యాట్ మీద వెలిసినట్టు కనిపిస్తుంది. అయినా నేను మ్యాట్ కాగితమే తీసుకున్నాను. దాని మీద నల్ల సిరా కూడా పనిచేస్తుంది, పచ్చా గులాబీల బెడద తగ్గుతుంది, గోడ మీద ట్యూబ్‌లైటు మెరుపు కొట్టదు. అత్తమ్మ పొడి పలక మనిషి కూడాను.

అప్పటికీ బూడిదలో కాస్త పచ్చ జీర మిగిలిపోతే ఒక ఉపాయం ఉంది. ఫోటోకి చాలా కొద్దిగా గోధుమరంగు మనమే కలపడం, పాయసంలో పచ్చకర్పూరం వేసినంత. కన్ను పచ్చ జీరని ఒప్పుకోదు గానీ వెచ్చని రంగుని ఇట్టే ఒప్పుకుంటుంది. పాత ఫోటోలు ఎలాగూ ఆ రంగుకి తిరిగే ఉంటాయి. ఐదారు రకాల నలుపు, బూడిద సిరాలు పోసుకునే పెద్ద ప్రింటర్లు ఉన్నాయి, వాటితో ఈ తిప్పలేవీ ఉండవు. వాటి ధర చూసి మా ఆయన నవ్వారు, నేనూ నవ్వాను.

నేను బీఏలో తెలుగు చదువుకున్న మనిషిని, అందుకని మాట దగ్గర ఆగకుండా ఉండలేను. ఫోటోని మనం ఛాయాచిత్రం అన్నాం. ఛాయ అంటే నీడ, ఒంటిరంగు కూడా. చామనఛాయలో ఉన్నదీ ఆ ఛాయే. ఒకే మాటతో నీడనీ, రంగునీ, బొమ్మనీ పట్టుకున్న భాష మనది. చామనఛాయ మనిషి ఛాయాచిత్రంలోంచి ఛాయ తీసేస్తే ఇక మిగిలేదేమిటి?

ఈ తెలుపు పిచ్చి మన షాపుల్లోనే పుట్టలేదు లెండి. రంగుల ఫోటోలు వచ్చిన కొత్తలో ల్యాబుల్లో ఒంటిరంగు సరిగా వచ్చిందో లేదో చూసుకోవడానికి ఒక నమూనా ఫోటో ఉండేది. దాన్ని షర్లీ కార్డు అనేవారు, అందులో ఉన్నది తెల్లజాతి అమ్మాయి. ఆమె బాగా వస్తే అందరూ బాగా వచ్చినట్టే లెక్క. మనలాంటి వాళ్ళం మసిగా వస్తే అది మన ఖర్మ. ఇప్పుడు ఫోన్లలో అడగకుండానే మొహాన్ని నునుపు చేసే బ్యూటీ ఫిల్టర్లు ఆమె మనవరాళ్ళే అనుకోండి.

ఇంకో పాత సంగతి నాకు బాగా నచ్చుతుంది. హైదరాబాదు నిజాం ఆస్థానంలో ఫోటోగ్రాఫర్‌గా పనిచేసిన రాజా దీన్‌దయాళ్ 1892లో అక్కడ ఆడవాళ్ళ కోసం విడిగా జనానా స్టూడియో పెట్టారు. పరదా పాటించే స్త్రీలు వచ్చి ఫోటో తీయించుకోవడానికి వీలుగా దాన్ని ఒక ఆంగ్ల మహిళ నడిపేది. అందులో ఉన్నది ఘోషా పట్టింపే కావచ్చు. ఆడవాళ్ళ బొమ్మ ఆడవాళ్ళ చేతిలోనే తయారవ్వాలనే ఆలోచన మాత్రం నూటముప్ఫై ఏళ్ళ కిందటే ఉంది. మనకి అంత స్టూడియో అక్కర్లేదు, మూల కూర్చున్న ప్రింటర్ చాలు.

"ఇంత కష్టం దేనికి, యాప్‌లో వేస్తే నిమిషంలో రంగులే వస్తాయి కదా పిన్నీ" అంటుంది మా చెల్లెలి కూతురు. మాయాబజార్‌కి కూడా రంగులేసి 2010లో మళ్ళీ వదిలారు, జనం చూశారు, నేనూ చూశాను. మార్కస్ బార్‌ట్లీ నలుపు తెలుపుల్లోనే కురిపించిన వెన్నెల ముందు నాకైతే ఆ రంగులు ఆనలేదు. సరే, అది సినిమా, ఎవరి ఇష్టం వాళ్ళది. ఇంటి మనిషి ఫోటో దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. మా పిల్ల మాట కాదనలేక అత్తమ్మ ఫోటోని యాప్‌లో వేసి చూపించమన్నాను. చీరకి మెరూన్ రంగు వేసింది. వదిన చూసి, "అది నెమలికంఠం చీర, మా నాయన చీరాల నుంచి తెచ్చింది" అంది. నలుపు తెలుపులోకి వెళ్ళాక ఎరుపూ పచ్చా ఒకే బూడిదగా మారగలవు. వెనక్కి తెచ్చే దారి లేదు. యాప్ చేసేది ఊహ. మా వదినకి జ్ఞాపకం ఉన్నది యాప్‌కి ఎలా తెలుస్తుంది? రేపు మా పిల్లల పిల్లలు ఆ మెరూన్ చీరే నిజమనుకుంటారు.

పాత ఫోటోని కంప్యూటర్లోకి ఎక్కించడం దగ్గరే సగం పని చెడుతుంది కాబట్టి అది కూడా చెప్పాలి. ఫోన్‌తో ఫోటో తీయొద్దు, ప్రింటర్ పైమూత కింద స్కానర్ ఉంటుంది కదా, దాన్ని వాడండి. మొహం చింతగింజంతే ఉంటే 1200 డీపీఐ పెట్టండి. అలా తీస్తే అంగుళానికి 300 చుక్కల లెక్కన దాదాపు రెండంగుళాల మొహం వస్తుంది, చిన్న ఫ్రేముకి చక్కగా సరిపోతుంది. అంతకంటే పెద్దది కావాలని లాగితే మొహం చెదిరిపోతుంది. మా అత్తమ్మది ఐదు అంగుళాలు ఇంటూ ఏడు అంగుళాల కాగితంతో ఆపేశాం. తలుపంత ఫోటో పెడితేనే ప్రేమ ఉన్నట్టా? స్కాన్ రంగుల్లోనే చేసి తర్వాత నలుపు తెలుపు చేసుకోండి. పసుపు మరకలు, టీ చుక్కలు అప్పుడు తేలిగ్గా తగ్గించుకోవచ్చు. ఎవరికైనా పంపాలంటే వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి, లేకపోతే దాన్ని పిండి చిన్నది చేసేస్తుంది. ఫోటో ఫ్రేము అద్దానికి అంటుకుపోయి ఉంటే మాత్రం పీకకండి. పొర ఊడి అద్దానికే ఉండిపోతుంది. అద్దంతో సహా స్కానర్ మీద పెట్టేయండి.

నాలుగో రోజు తీసిన కాగితంలో గాటు కనిపించింది. కనుబొమ్మ మధ్యలో సన్నగా, చుట్టూ ఉన్న నీడ కంటే రెండు మెట్లు తెల్లగా. మా చిన్నాడు వచ్చి, ఏమీ అడక్కుండా, కాగితం మీద సరిగ్గా అక్కడే వేలు పెట్టాడు. తడి ఆరలేదురా అని నేను అరిచేలోపే చిన్న మచ్చ పడింది. ఇంకో కాగితం తీయాల్సి వచ్చింది. ఫోటో కాగితం ఒక్కోటి పది పన్నెండు రూపాయలు, అరిచి ప్రయోజనం లేదు.

పెద్ద సైజే కావాలి, షాపుకి వెళ్ళక తప్పదు అనుకునేవాళ్ళు ఇంట్లో బాగా వచ్చిన ప్రింటు ఒకటి చేత్తో పట్టుకెళ్ళండి. "ఇలాగే కావాలి తమ్ముడూ, మొహం ముట్టుకోవద్దు, రంగు వేయొద్దు, వెనకాల మబ్బులు వద్దు" అని ముందే చెప్పండి. చేతిలో నమూనా ఉంటే అతనికీ తేలిక. మా వదిన గిద్దలూరులో అలాగే చేయించుకుంది, అబ్బాయి చక్కగా చేసిచ్చాడు. అడిగితే చేస్తారు. ఇన్నాళ్ళూ ఎవరూ అలా అడగలేదంతే.

ఇంటి ప్రింటు వెండి ఫోటోలా నలభై ఏళ్ళు ఉంటుందని ఆశపడకండి. మామూలు రంగు సిరాలు వెలుతురుకీ గాలికీ వెలుస్తాయి. ఎండ పడని గోడకి, అద్దం వెనక పెట్టండి. అద్దానికీ కాగితానికీ మధ్య అట్టముక్క చట్రం ఉంటే అంటుకోదు. అగరొత్తులు సరిగ్గా ఫోటో కిందే వెలిగించకండి. అసలు పాత ఫోటోని మాత్రం లామినేషన్ చేయించొద్దు. కాగితం కవరులో పెట్టి బీరువాలో చీరల మధ్య దాచండి. స్కాన్ చేసింది రెండు చోట్ల దాచుకుంటే, వెలిసిపోయినప్పుడల్లా కొత్తది తీసుకోవచ్చు.

ప్రింటు వెనక మెత్తటి పెన్సిల్‌తో పేరు, ఊరు, ఎవరి పెళ్ళిలో తీసిందో రాయండి. మా గ్రూపు ఫోటోలో ముందు వరసలో కుడిచివర కూర్చున్న ఆమె ఎవరో మా వదినకీ తెలియదు, మా మామయ్యకీ గుర్తు లేదు. ముక్కుపుడక ఉంది, చంకలో పిల్ల ఉంది. ఆమె మొహం కూడా స్కాన్ చేసి పెట్టాను. వచ్చే నెల కంభంలో చిన్నత్త వాళ్ళింట్లో వ్రతం ఉంది, ఆ ప్రింటు తీసుకెళ్ళి ముసలివాళ్ళందరికీ చూపిస్తాను. ఈలోగా మెజెంటా సీసా కొనాలి.